థ్రిల్లర్ ఎంచుకోవడానికి ఈ-రీడర్ శాంపిల్: చాలాకాలం వాడాక నా మాట

ఈ-రీడర్ తెర కళ్ళకు ఎంత హాయిగా ఉంటుందో, బ్యాటరీ ఎన్నాళ్ళు వస్తుందో ఇప్పటికే చాలామంది రాశారు. వాటి జోలికి పోను. నేను చెప్పదలచుకున్నది ఒక్క సదుపాయం గురించే. పుస్తకం కొనే ముందు మొదట్లోంచి సుమారు పదో వంతు ఉచితంగా చదవనిచ్చే శాంపిల్ గురించి. అది లేకపోతే ఈ పరికరాన్ని ఎప్పుడో ఎవరికో ఇచ్చేసేవాణ్ణి.

నేను చదివేవి థ్రిల్లర్లే, అదీ రోజూ నాగోలు నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో. ఒక చెయ్యి పైన హ్యాండిల్ మీద, ఇంకో చేతి బొటనవేలు తెర అంచు మీద. అమీర్‌పేటలో జనం తోసుకుంటూ ఎక్కుతున్నా తల ఎత్తబుద్ధి కాలేదంటే అది నా పుస్తకం. నాకు ఓపిక తక్కువ. ఇరవై పేజీలు తిప్పినా ఇంకా మంచు కురుస్తూనే ఉంటే, డిటెక్టివ్‌గారు విడాకులు తీసుకున్న భార్యను తలచుకుంటూనే ఉంటే అక్కడితో ఆపేస్తాను. అట్ట వెనకాల ‘ఊపిరి బిగపట్టి చదివించే నవల’ అన్న మాట నమ్మి కొన్నవి, సగంలో ఆగిపోయినవి మా బీరువాలో ఒక అర నిండా ఉన్నాయి.

శాంపిల్ ఆ ఖర్చు తప్పించింది. ఆదివారం రాత్రి నాలుగైదు దించుకుంటాను. వారంలో ఏది పట్టుకుంటే దాన్ని కొంటాను, పట్టుకోనిదాన్ని చెరిపేస్తాను. డబ్బు పోలేదు కాబట్టి వదిలెయ్యడానికి మనసు పీకదు. ఇంత స్వేచ్ఛగా నేను ఎప్పుడూ చదవలేదు. కెయిగో హిగాషినో నవల ‘ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’ నాకు ఇలాగే దొరికింది. 2005లో జపనీస్‌లో వచ్చిన పుస్తకం. మొదటి అధ్యాయంలోనే హత్య జరిగిపోతుంది, ఎవరు చేశారో మన కళ్ళ ముందే తెలిసిపోతుంది. పక్క ఫ్లాట్‌లో ఉండే లెక్కల మాస్టారు సాయానికి వస్తాడు. ఇక పోలీసులు వస్తే ఏం చెబుతారు అన్న టెన్షన్ మొదలయ్యేసరికి శాంపిల్ అయిపోయింది. రైలు దిగకుండానే కొనేశాను. ఐరా లెవిన్ 1953లో రాసిన ‘ఎ కిస్ బిఫోర్ డయింగ్’ కూడా అంతే. మొదటి భాగమంతా హంతకుడి బుర్రలో కూర్చుని చదువుతాం, కానీ వాడి పేరు మాత్రం చెప్పరు. ఆ పేరు తెలుసుకోకుండా ఉండటం నావల్ల కాలేదు.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలంటారు కదా, శాంపిల్ గురించి మొదట్లో నేను అందరికీ ఆ మాటే చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను.

ఎందుకో చెప్పాలంటే పోయిన వర్షాకాలంలో చదివిన ఒక నవల సంగతి చెప్పాలి. పేరు ఎందుకులెండి. శాంపిల్ తెరవగానే కారు డిక్కీలో ఒకమ్మాయి. చేతులు కట్టేసి ఉన్నాయి. ఫోన్‌లో చార్జింగ్ అయిపోవస్తోంది. కారు ఆగింది, తలుపు వేసిన చప్పుడు, గులకరాళ్ళ మీద అడుగులు. డిక్కీ తాళం తిరిగింది. శాంపిల్ అక్కడితో సరి. ఎవరైనా కొనకుండా ఉంటారా? కొన్నాను. పేజీ తిప్పాను. ‘ఎనిమిది నెలల క్రితం’ అని ఉంది.

సరే, రెండు అధ్యాయాల్లో మళ్ళీ డిక్కీ దగ్గరికి వస్తుందిలే అనుకున్నాను. పెళ్ళి అయింది. కొత్త ఇంటికి రంగులు వేయించారు. వంటగదికి ఏ రాయి పరచాలన్న దాని మీద మొగుడూ పెళ్ళాలకు పడలేదు. అత్తగారు వచ్చి వెళ్ళింది. తెర కింద అంకె 31 శాతం అయింది, 44 అయింది, 60 దాటింది. అమ్మాయి ఇంకా టైల్స్ షాపులోనే ఉంది. వారమంతా రానూపోనూ ప్రయాణాలు దానికే పోశాను. డిక్కీ మళ్ళీ కనబడింది 87 శాతం దగ్గర. అక్కడా రెండే పేజీలు. శాంపిల్‌లో చదివినవే ఇంచుమించు అవే వాక్యాలు!

నాకు కోపం వచ్చింది నవల బాగాలేనందుకు కాదు. బాగాలేని నవలలు బోలెడు చదివాం. చివర వడ్డించాల్సినదాన్ని తెచ్చి ముందు చూపించారు, అదీ నా కోపం. ఈమధ్య వస్తున్న థ్రిల్లర్లలో ఇది మామూలైపోయింది. క్లైమాక్సులోంచి ఒక ముక్క కోసి ప్రోలాగ్ అని పేరు పెట్టి ముందు అతికిస్తారు, ఆ తర్వాత అసలు కథ నింపాదిగా నడుస్తుంది. శాంపిల్ చదివి కొనే నాలాంటివాళ్ళు సరిగ్గా అక్కడే దొరికిపోతాం.

దీనికి తోడు ఇంకో చికాకు. ఆ పదో వంతును కొన్ని పుస్తకాలకు ఫైలు మొదటి అక్షరం నుంచే లెక్కపెడతారు. పత్రికల పొగడ్తలు, అదే రచయిత ఇతర పుస్తకాల జాబితా, అంకితం, మ్యాపు, పాత్రల పట్టిక అన్నీ దాటి కథలోకి వచ్చేసరికి శాంపిల్ అయిపోతుంది. చిన్న నవలలకైతే మరీ అన్యాయం.

అసలు మన వారపత్రికల సీరియల్ పాఠకుడికి ఈ బాధ ఇంతగా ఉండేది కాదు. యండమూరి ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చిందంటే, మొదటి వారం ఒక్కటీ బాగా రాస్తే సరిపోదు. ప్రతి వారం ‘ఇంకా ఉంది’ దగ్గర పాఠకుణ్ణి కట్టిపడెయ్యాలి, లేకపోతే వచ్చే వారం పత్రిక కొనడు. మధ్యలో రంగులూ టైల్సూ అంటూ కాలక్షేపం చెయ్యడానికి రచయితకు వీలుండదు. థ్రిల్లర్‌కు పరీక్ష మధ్యలోనే ఉంటుందని ఇప్పుడు నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఆ నమ్మకం కుదిరింది అబిడ్స్‌లో. ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ ఫ్రెడరిక్ ఫోర్సిత్ ‘ది డే ఆఫ్ ది జాకల్’ కనబడింది. ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్‌ను చంపడానికి కుదుర్చుకున్న జాకల్ అనే కిరాయి హంతకుడి కథ అది. దాని శాంపిల్ నేను అంతకుముందే చదివి చెరిపేసి ఉన్నాను. మొదట్లో 1963 మార్చిలో ఒక సైనికాధికారికి మరణశిక్ష అమలు చెయ్యడం, దాని వెనక అల్జీరియా స్వాతంత్ర్యం గొడవ, ఓఏఎస్ అనే రహస్య సంస్థ చరిత్ర. విషయం గొప్పదే కానీ, మెట్రోలో నిలబడి చదివేటప్పుడు నాకు అది క్లాసు పాఠంలా నడిచింది. ఫుట్‌పాత్ మీద మాత్రం పుస్తకం చేతికి రాగానే సగానికి తెరుచుకుంది. క్లోద్ లెబెల్ అనే పోలీసు అధికారి రాత్రి కూర్చుని దేశదేశాల పోలీసు పెద్దలకు ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాడు. హంతకుడి పేరు తెలియదు, ముఖం తెలియదు, ఫోన్‌లో అడగడానికి దాదాపు ఏమీ లేదు, అయినా అడుగుతున్నాడు. ఎండలో అలా నిలబడే కొన్ని పేజీలు చదివేశాను. షాపతను ‘తీసుకోండి సార్, తర్వాత చదువుకోవచ్చు’ అంటే అప్పుడు డబ్బులిచ్చాను.

ఆ నవల నన్ను నిద్రపోనివ్వలేదు. 1971లో అది అచ్చయ్యేనాటికే డిగాల్ సహజంగా చనిపోయి ఉన్నాడు. హత్యాయత్నం ఫలించదని మొదటి పేజీ నుంచే అందరికీ తెలుసు. తెలిసి కూడా, జాకల్ అడవిలో పుచ్చకాయ వేలాడదీసి తుపాకీ గురి సరిచూసుకునే చోట నా అరచేతులకు చెమట పట్టింది. ఒక్కో స్క్రూ తిప్పడం, ఒక్కో గుండు పేల్చడం, వెళ్ళి చూసి రావడం, అంతే. అతను తొందరపడడు, మనకు మాత్రం ఆత్రం ఆగదు. ఇంత మంచి పుస్తకాన్ని శాంపిల్ నాకు చేర్చలేకపోయింది. స్టీగ్ లార్సన్ ‘ది గర్ల్ విత్ ది డ్రాగన్ టాటూ’ కూడా ఈ కోవలోదే. మొదట్లో వ్యాపార కుంభకోణం, పరువునష్టం కేసు తీర్పు. ఓపిక లేనివాడు పదో వంతు దగ్గర దిగిపోతాడు, అసలు కథ జరిగే ద్వీపంలోకి అడుగు పెట్టేదాకా ఉండడు.

అందుకని ఇప్పుడు నా పద్ధతి మారింది. శాంపిల్ మానలేదు, కానీ అందులో ప్రోలాగ్‌ను లెక్కలోకి తీసుకోను, ఒకటో అధ్యాయం నుంచే చూస్తాను. ‘ఇన్ని నెలల క్రితం’ అని కనబడితే కొనే ముందు ఆగుతాను. తర్వాత విషయసూచిక చూస్తాను. 105 అధ్యాయాలున్న ‘ది డావిన్సీ కోడ్’ లాంటివైతే ఒక్కో అధ్యాయం రెండు స్టేషన్ల మధ్య అయిపోతుంది, నాకు అదే కావాలి. తెర కింద ‘ఈ అధ్యాయానికి ఇంకా 6 నిమిషాలు’ అని చూపిస్తుంది చూడండి, అది నాకు ప్రాణం. ఇతరులు గీతలు గీసిన వాక్యాలు చూపించే సెట్టింగును మాత్రం థ్రిల్లర్ చదివేవాళ్ళు మొదటిరోజే ఆపెయ్యాలి. మామూలుగా కనబడే ఒక వాక్యం కింద వందలమంది గీత గీశారంటే, రహస్యం అక్కడే ఉందని చెప్పేసినట్టే.

వీటి తయారీదారులకు నా విన్నపం ఒక్కటే. మొదటి పదో వంతుతోపాటు మధ్యలోంచి ఒక్క అధ్యాయం చూపించండి. కథ బయటపడిపోతుందంటారేమో, పడనివ్వండి. సగంలో పట్టులేని థ్రిల్లర్ చివరి రహస్యం నాకేమీ అక్కర్లేదు.

కొనొచ్చా అని అడిగితే, ఇంగ్లీషులో హాయిగా చదవగలిగి, నాలాగా రోజూ ఒక గంట ప్రయాణం ఉండి, నచ్చకపోతే వదిలేసే రకమైతే కొనండి. ఇంట్లో తీరిగ్గా కూర్చుని చదివేవాళ్ళకు, మొదలుపెట్టినదాన్ని పూర్తిచేసే అలవాటున్నవాళ్ళకు శాంపిల్‌తో పెద్దగా పని ఉండకపోవచ్చు. మా నాన్నగారికి మాత్రం ఇది ఇవ్వను. ఆయనకు కావలసినవి కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, మధుబాబు షాడో. నా పరికరంలో వెతికినప్పుడు ఆయన చదివే తెలుగు డిటెక్టివ్‌లు నాకు దొరకలేదు. ఆయన్ను పుస్తకాల ప్రదర్శనకే తీసుకెళ్తాను, ఆయనే చూసి ఎంచుకుంటారు.