తిరుపతి నుంచి బందరు దాకా, అత్తమ్మతో ఐదు రోజులు

మా అత్తమ్మది శ్రీకాళహస్తి. పెళ్ళికి ముందు, పెళ్ళయినాక కూడా కలిపి ముప్పై ఏళ్ళు కలంకారీ బొమ్మలు వేసింది, ఇప్పుడు చెయ్యి వణుకుతోందని మానేసి తిరుపతిలో మాతోనే ఉంటోంది. ఆమె నోట ఎప్పుడూ ఒకటే మాట, "పెడనలో అచ్చులతో ఎట్లా అద్దుతారో ఒక్కసారి కళ్ళారా చూడాల పాపా" అని. పెడన అంటే బందరు, అదే మచిలీపట్నం పక్కన, బట్ట మీద అచ్చులతో కలంకారీ అద్దే ఊరు. ఈసారి సంక్రాంతి అయిపోయినాక మా ఆయనకి నాలుగు రోజులు లీవు దొరికింది, పిల్లలకి స్కూల్లో చెప్పి కారు తీసేశాం. తిరుపతి వాళ్ళం కారులో సముద్రం చూడాలంటే మహాబలిపురం, పాండిచ్చేరి అని దక్షిణానికే తిప్పుతాం కదా, మన కోస్తా వైపు ముసలివాళ్ళతో పిల్లలతో పోతే ఎక్కడ ఉండాలి, ఎక్కడ ఇబ్బంది అని నన్ను ఇప్పటికే ముగ్గురు అడిగారు, అందుకే వివరంగా రాస్తున్నా.

గురువారం తెల్లారి ఐదుకి బయలుదేరాం. కాళహస్తి దాటేటప్పుడు అత్తమ్మ కారులోంచే గాలిగోపురానికి దణ్ణం పెట్టుకుంది. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన పాత గోపురం 2010 మేలో కూలిపోయిన రోజు గురించి ఆమె ఇప్పటికీ ఇంట్లో మనిషి పోయినట్టే చెప్తుంది. నాయుడుపేట దగ్గర పెద్ద హైవే ఎక్కితే ఇంగ ఒంగోలు దాకా రోడ్డు గురించి చెప్పాల్సిందేం లేదు, ఫాస్టాగ్‌లో డబ్బులుంటే చాలు. నెల్లూరులో టిఫిన్ కోసం ఊళ్ళోకి తిరిగాం, కారం దోశ బాగుంది కానీ పిల్లలకి కారం జాస్తి, వాళ్ళకి ఇడ్లీ చెప్పుకోండి. హైవే మీద టాయిలెట్ల విషయం మాత్రం ముందే చెప్తున్నా, మేం ఆగిన చోటల్లా పెట్రోల్ బంకులకన్నా పెద్ద హోటళ్ళలోనే శుభ్రంగా ఉన్నాయి, అత్తమ్మకి మోకాళ్ళ నొప్పి కాబట్టి వెస్టర్న్ టాయిలెట్ ఉందా అని లోపలికెళ్ళి చూసి వచ్చాకే ఆమెని దించేదాన్ని. కాఫీ తాగకపోయినా అడిగితే ఎవరూ కాదనలేదు.

ఒంగోలు దాటినాక చీరాల రోడ్డు పట్టుకుని, చినగంజాం వైపు నుంచి మోటుపల్లికి పోయాం. గూగుల్ మ్యాప్ ఊరి దాకా తీసుకుపోయింది, అక్కడినుంచి గుడి ఎక్కడ అని ఇద్దర్ని అడిగితే కానీ దొరకలేదు. చూస్తే చిన్న పల్లెటూరు. ఏడొందల ఏళ్ళ కింద కాకతీయుల రేవు ఇదే. వీరభద్రస్వామి గుడిలో గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం ఉంది. అందులో ఏముందంటే, ఇంతకు ముందు రాజులు తుఫానుకి పగిలి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా లాగేసుకునేవాళ్ళంట, ఈయన మాత్రం ప్రాణాలకి తెగించి సముద్రం మీద వచ్చే వర్తకుల దగ్గర ఖరారైన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోను అని రాతి మీద చెక్కించి మాట ఇచ్చాడు. మా పాపకి తొమ్మిదేళ్ళు, ఆ అక్షరాల్లో ఒకటి రెండు పోల్చుకుని "అమ్మా ఇది తెలుగే" అని అరిచింది. ఆ ఒక్క అరుపు కోసమైనా ఇక్కడికి రావచ్చు.

మార్కో పోలో కూడా ఈ రేవు గురించి రాశాడు, ఇక్కడి బట్ట సాలెగూడంత సన్నగా ఉంటుందని. ఆ మాట అత్తమ్మకి చెప్తే ఆమె కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అయితే ఈ సముద్రం అంతా బట్ట కోసమే వచ్చినోళ్ళదన్నమాట" అంది. మిగతా నాలుగు రోజులూ మేం చూసినవన్నీ ఆమె ఆ లెక్కలోనే చూసింది, నేనూ అట్లాగే చూశాను.

మోటుపల్లిలో తిండికి, బాత్రూంకి ఏమీ దొరకదు, నీళ్ళు, బిస్కెట్లు మీరే పెట్టుకోండి.

ఆ రాత్రి చీరాలలో లాడ్జి, పేరు చెప్పను. ఫోన్లో లిఫ్ట్ ఉంది అన్నారు, పోతే లిఫ్ట్ పని చెయ్యడం లేదు, మాకిచ్చింది రెండో అంతస్తు. డెబ్బై రెండేళ్ళ మనిషిని మెట్లెక్కించలేం అని గంటసేపు చెప్తే కింద ఒక రూము ఇచ్చారు, దాంట్లో గీజర్ లేదు, దుప్పటి వాసన. 1,800 రూపాయలు అడ్వాన్స్ కట్టేశాం కాబట్టి ఉండిపోయాం. నాకు కోపం వచ్చింది రూము గురించి కాదు, పెద్దావిడ నిలబడి ఉంటే కూర్చోమని కుర్చీ చూపించే మనిషి లేకపోయాడు. ఫోన్లో బుక్ చేసేవాళ్ళు లిఫ్ట్ ఉందా అని అడగొద్దు, ఈరోజు నడుస్తోందా అని అడగండి, పొద్దున్నే బయలుదేరేముందు ఇంకోసారి అడగండి.

ఊరు మాత్రం ఆ లాడ్జి మీద కోపం మరిపించింది. శుక్రవారం పొద్దున జాండ్రపేటలో మగ్గాల చప్పుడు వింటూ వీధుల్లో నడిచాం, ఒక ఇంట్లో కుప్పడం చీర నేస్తుంటే లోపలికి రమ్మని మంచినీళ్ళిచ్చి, అత్తమ్మని మగ్గం పక్కనే కూర్చోబెట్టుకున్నారు. ఇద్దరు ముసలివాళ్ళు నూలు గురించి మాట్లాడుకుంటుంటే మేం కదల్లేకపోయాం, వాడరేవుకి పోదామనుకున్న టైమంతా అక్కడే అయిపోయింది. నేను ఒక చీర కొన్నాను, బేరం ఆడలేదు. 1921లో మున్సిపాలిటీ పన్నులు మేం కట్టం అని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట చీరాల పేరాల జనం ఇళ్ళు వదిలేసి బయట రామనగర్‌లో గుడిసెలు వేసుకుని నెలల తరబడి బతికిన ఊరు ఇదే, మా ఆయన పిల్లలకి ఆ కథ చెప్తుంటే ఐదేళ్ళ మా బాబు "మరి వాళ్ళ బొమ్మలు కూడా తీసుకుపోయారా" అని అడిగాడు.

బాపట్లలో భావనారాయణస్వామి గుడి చోళుల కాలం నాటిది, మధ్యాహ్నం మూసేస్తారేమో అని పరుగెత్తి చూసేశాం, తీరుబడిగా చూడాల్సిన గుడి, ఇది మా తప్పే.

సూర్యలంకలో ఒక ప్రైవేట్ కాటేజీలో దిగాం, రాత్రికి 4,500. డబ్బు ఎక్కువే అనిపించింది కానీ కింద రూము, బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ, వాకిట్లోంచి ఇసుకలోకి పది అడుగులు, అత్తమ్మ కుర్చీ వేసుకుని సముద్రాన్ని చూస్తూ సాయంత్రమంతా కూర్చుంది. తిండి మాత్రం ఆర్డరిచ్చిన గంటా ఇరవై నిమిషాలకి వచ్చింది, పిల్లోడు ఏడ్చి నిద్రపోయాడు, కాబట్టి భోజనం సాయంత్రం ఐదుకే చెప్పిపెట్టుకోండి. వచ్చినాక చందువ వేపుడు, రొయ్యల ఇగురు చాలా బాగున్నాయి. పొద్దున్నే జాలర్లు అలివి వల లాగుతుంటే పిల్లలిద్దరూ తాడు పట్టుకున్నారు, వాళ్ళు తిట్టకుండా జాగా ఇచ్చారు. ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా, ఇక్కడ నీళ్ళు చూడ్డానికి సాఫీగా ఉన్నా లోపలికి లాగేస్తాయి, పోలీసులు విజిల్ వేస్తే వెనక్కి రండి, పిల్లల్ని మోకాళ్ళ లోతు దాటనివ్వకండి. ఆదివారం అయితే గుంటూరు, విజయవాడ జనంతో నిండిపోతుందని కాటేజీ వాళ్ళే చెప్పారు, వారం మధ్యలో పెట్టుకోండి.

శనివారం భట్టిప్రోలు, పాత బౌద్ధ స్తూపం ఉన్న ఊరు. చూడ్డానికి మట్టిదిబ్బ, ఇటుకలు అంతే, పిల్లలకి పావుగంట కంటే నిలవదు. కానీ 1892లో అలెగ్జాండర్ రే తవ్వినప్పుడు ఇక్కడ దొరికిన ధాతుపేటికల మీది బ్రాహ్మీ అక్షరాలు క్రీస్తుకి ముందువి, మన లిపి పుట్టుక గురించి మాట్లాడేవాళ్ళు వాటి దగ్గరికి రాక తప్పదు. మోటుపల్లిలో అక్షరం పోల్చుకున్న పాపని తీసుకొచ్చింది అందుకే. రేపల్లె దాటి పెనుమూడి దగ్గర వంతెన మీద కృష్ణమ్మని దాటాం, ఆ వెడల్పు చూసి కారులో అందరం ఒక్కసారి నిశ్శబ్దం. అవతల దివిసీమ, 1977 నవంబరు ఉప్పెన కొట్టుకుపోయిన నేల, ఇప్పుడు అంతా పచ్చని వరి. మోపిదేవిలో సుబ్రహ్మణ్యస్వామి దర్శనం చేసుకుని చీకటి పడేసరికి బందరు చేరాం.

బందరులో మేం దిగిన హోటల్ ఈ ట్రిప్ మొత్తానికి మంచిది. రాత్రికి 2,400, మామూలు హోటలే, గోడలకి సోకులేమీ లేవు. అత్తమ్మ నడక చూసి రిసెప్షన్ అబ్బాయి అడక్కుండానే లిఫ్ట్ పక్క రూము మార్చి ఇచ్చాడు, పొద్దున బకెట్టు వేడినీళ్ళు, స్నానానికి కూర్చోను ప్లాస్టిక్ స్టూలు తెచ్చి పెట్టాడు. రెండు రాత్రులున్నాం.

ఆదివారం డచ్చి వాళ్ళ సమాధులు చూశాం. డచ్చి వాళ్ళు 1600ల మొదట్లోనే వచ్చారు, ఇంగ్లీషు వాళ్ళు 1611లో, అందరూ ఎక్కువగా వచ్చింది అద్దకం బట్ట కోసమే. రాళ్ళ మీద వంశాల గుర్తులు, పూలు ఎంత బాగా చెక్కారో, అత్తమ్మ ఆ పూల తీగల మీద వేలు పెట్టి "ఇది మన అంచు డిజైనే" అంది, నిజంగానే అట్లాగే ఉంది. ఇదే ఊళ్ళో 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనకి ముప్పై వేల మంది దాకా పోయారు. మంగినపూడి బీచ్‌లో ఇసుక కన్నా నల్లమట్టి ఎక్కువ, సూర్యలంక చూసి వచ్చినవాళ్ళకి రవంత నిరాశగానే ఉంటుంది, మాకూ ఉండింది, గంటలో వచ్చేశాం. హల్వా, లడ్డు కొన్నాం, లడ్డు ఇంటికొచ్చిన మూడో రోజుకి కూడా మెత్తగానే ఉంది.

సోమవారం పొద్దున తొమ్మిదికి పెడన. ముందే ఫోన్ చేసుకున్న ఒక అద్దకం షెడ్డుకి పోయాం. పొడుగాటి బల్లలు, టేకు అచ్చులు, ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు, అద్దేవాళ్ళు చెయ్యి ఎత్తి దెబ్బ వేస్తే అంచుకి అంచు వెంట్రుకంత తేడా లేకుండా కలుస్తోంది. అత్తమ్మ అందర్నీ ప్రశ్నలడిగింది. కరక్కాయ మీరూ వాడతారా, వాడతాం. నలుపు? బెల్లం, ఇనుము పులియబెట్టి. మేమూ అంతే. ఎరుపుకి చిరువేరు? దాని రోజులు పోయాయమ్మా, ఇప్పుడు అలిజరిన్ అనే రసాయన రంగే. ఆమె తలూపింది. కాళహస్తిలో అయితే బొమ్మ మొత్తం కలంతోనే గీయాలి, ఇక్కడ అచ్చు, కానీ కరక్కాయ, పాల వాసన ఒకటే అని చెప్తుంటే షెడ్డు పెద్దాయన ఒక చిన్న మామిడిపిందె అచ్చు ఆమె చేతిలో పెట్టి, "ఒకటి వెయ్యండమ్మా" అన్నాడు. ఆమె చెయ్యి వణుకుతోందని వద్దంది. ఆయన తన చెయ్యి ఆమె చెయ్యి మీద పెట్టి అదిమాడు.

ఆ మామిడిపిందె కొంచెం వంకరగా పడింది. ఆ ముక్క కత్తిరించి ఇమ్మని మా పాప అడిగితే డబ్బులు తీసుకోకుండా ఇచ్చారు, నేను మూడు దుప్పట్లు కొన్నాను. పదకొండుకి బయలుదేరి, మధ్యలో రెండుసార్లు ఆగి, రాత్రి పదిన్నరకి తిరుపతి చేరాం, కారు మీటరులో రానుపోను 900 కిలోమీటర్ల దగ్గర చూపించింది. ఒక్క రోజులో ఆ తిరుగు ప్రయాణమంతా పెద్దవాళ్ళకి కష్టమే, నెల్లూరులో ఒక రాత్రి ఆగి ఉండాల్సింది. అత్తమ్మ ఆ గుడ్డముక్కని తన పాత కలాల డబ్బాలో పెట్టుకుంది.