మిసావానా, ఇవాకునినా?

టోక్యోలో ఉంటున్న మనవాళ్ళలో విమానాల పిచ్చి ఉన్నవాళ్ళు తిప్పి తిప్పి ఇదే అడుగుతున్నారు: రెండు రోజులు సెలవు దొరికితే మిసావా వెళ్ళాలా, ఇవాకుని వెళ్ళాలా? రెండూ అమెరికా, జపాన్ బలగాలు కలిసి వాడుకునే స్థావరాలే. రెండుచోట్లా అదే రన్‌వే మీద మామూలు ప్రయాణికుల విమానాలూ దిగుతాయి. విశాఖలో నేవీ రన్‌వే మీద దిగినవాళ్ళకు ఇదేం వింత కాదు.

సౌకర్యం చూస్తే ఇవాకునికే మార్కులు. హిరోషిమా చూసుకుని లోకల్ రైలెక్కితే గంటలోపు చేరొచ్చు. నీళ్ళ మీద దిగే జపాన్ నేవీ యూఎస్-2, అమెరికా మెరైన్ల ఎఫ్-35బీ ఫైటర్లు, 2018కల్లా టోక్యో దగ్గరి అత్సుగి స్థావరం నుంచి తరలివచ్చిన అమెరికా విమానవాహక నౌక ఫైటర్లు, అన్నీ అక్కడే. విమానాలంటే విసుక్కునే ఇంట్లోవాళ్ళకు ఐదు కమానుల కింతాయ్ చెక్క వంతెన ఉంది. 1673లో మొదట కట్టారు, 1950 తుఫానుకు కొట్టుకుపోతే మళ్ళీ నిలబెట్టారు.

అయినా నా ఓటు మిసావాకే. ఎందుకంటే ఎయిర్ షో జరిగేది ఏడాదికోసారి: ఇవాకునిలో సాధారణంగా మే మొదట్లో, మిసావాలో సెప్టెంబర్‌లో. మిగతా రోజుల్లో గేటు మూసే ఉంటుంది. ఆ రోజుల్లో వెళ్తే ఏం దొరుకుతుందన్నదే నా లెక్క.

మిసావా జపాన్ ఉత్తరాన అవొమొరి రాష్ట్రంలో నలభై వేల లోపు జనాభా ఉన్న చిన్న ఊరు. స్థావరం రాకముందే దానికి విమానాలతో సంబంధం ఉంది. 1931 అక్టోబర్ 4న పాంగ్‌బోర్న్, హెర్న్‌డన్ అనే ఇద్దరు అమెరికన్లు ఇక్కడి సబిషిరో బీచ్‌లో చెక్క పలకల రన్‌వే మీంచి మిస్ వీడాల్ విమానంలో లేచారు. అంతకుముందే అనుమతి లేకుండా జపాన్‌లో దిగి, సైనిక ప్రాంతాలు ఫొటో తీశారని జరిమానా కట్టి ఉన్నారు పాపం! గాల్లోకి లేచాక బరువు తగ్గడానికి చక్రాలు వదిలేశారు. వాటిని పట్టి ఉంచే రెండు కడ్డీలు మాత్రం ఊడలేదు. పాంగ్‌బోర్న్ ఆ గడ్డకట్టే చలిలో, ఎగురుతున్న విమానం లోంచి చెప్పుల్లేకుండా బయటికి దిగి వాటిని విప్పాడు. 41 గంటల పైగా ఎగిరి, వాషింగ్టన్ రాష్ట్రంలోని వెనాచీలో పొట్ట మీద దించేశాడు. పసిఫిక్‌ను ఎక్కడా ఆగకుండా దాటిన మొదటి ప్రయాణం అదే. తర్వాత వెనాచీ నుంచి మిసావాకు ఆపిల్ అంటు కొమ్మలు వచ్చాయి, రెండూ సోదర నగరాలయ్యాయి.

మిసావాలో 2003లో తెరిచిన విమాన విజ్ఞాన మ్యూజియంలో మిస్ వీడాల్ నమూనా, అసలు వైఎస్-11 ప్రయాణికుల విమానం చూడొచ్చు. బయట మైదానంలో ఎఫ్-104, ఎఫ్-16 ఫైటర్లు నిలబెట్టి ఉంటాయి. పక్కనే స్థావరం కాబట్టి ఆగి ఉన్న ఎఫ్-16 దగ్గర నిలబడ్డప్పుడు తలమీంచి మరొకటి చెవులు చిల్లులు పడేలా పోతే ఆశ్చర్యపోకండి. ఇది చూడాలనుకుంటే మరీ ఆలస్యం చేయొద్దు. ఇక్కడి 36 ఎఫ్-16ల స్థానంలో 48 ఎఫ్-35ఏలు తెస్తామని, 2026 వసంతం నుంచి అవి రావడం మొదలవుతుందని అమెరికా 2024 జూలైలో ప్రకటించింది.

జపాన్‌లోనే కొమాత్సు, ఇబరాకి విమానాశ్రయాలవి కూడా ఉమ్మడి రన్‌వేలే, కానీ అక్కడుండేది జపాన్ బలగాలే. ఒక పూట చాలు.

మిసావాకు టోక్యో హనేడా నుంచి జపాన్ ఎయిర్‌లైన్స్ (జాల్) విమానం ఉంది, గంటన్నర లోపే. షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో అయితే హచినొహెలో దిగి అవోయిమొరి లైను లోకల్ రైలు పట్టుకోవాలి. మ్యూజియం స్టేషన్ నుంచి నడిచేంత దగ్గర కాదు, టాక్సీ మాట్లాడుకోండి. ఎయిర్ షోకే వెళ్తుంటే పాస్‌పోర్ట్ దగ్గరుంచుకుని, విదేశీయుల ప్రవేశంపై ఆ ఏడాది నిబంధనలు ముందే చదవండి. గేటు దగ్గర మాత్రం కెమెరా తీయకండి.