పార్థెనాన్ వెండి రౌండా, ఏథెన్స్ గుడ్లగూబ నాణెమా?

రెండూ వెండే, పోలిక అక్కడితో సరి.

రౌండు అంటే నాణెం ఆకారంలో ఉండే వెండి బిళ్ల, దీని మీద ఏథెన్స్‌లోని ఎథీనా దేవత ప్రాచీన గుడి పార్థెనాన్ బొమ్మ ఉంటుంది. ఇది కొత్త సరుకు. సాధారణంగా ఒక ట్రాయ్ ఔన్సు, అంటే 31.1 గ్రాములు, 999 స్వచ్ఛత (వెయ్యి పాళ్లలో 999 వెండి). ముఖవిలువ లేదు కాబట్టి అది నాణెం కాదు.

గుడ్లగూబ నాణెం ప్రాచీన ఏథెన్స్ టెట్రాడ్రాక్మ్, అంటే నాలుగు డ్రాక్మాల నాణెం, సుమారు 17.2 గ్రాములు. ఒకవైపు ఎథీనా తల, మరోవైపు గుడ్లగూబ, దాని వెనుక ఆలివ్ రెమ్మ, చిన్న నెలవంక. క్రీ.పూ. 447-432లో పార్థెనాన్ కడుతున్నప్పుడు ఏథెన్స్‌లో చేతులు మారిన డబ్బు ఇదే.

ఖర్చు: రౌండుకు వెండి ధర, పైన కొంత అదనం. నాణేనికి అందులోని వెండి కంటే ఎన్నో రెట్లు. ఎథీనా ముక్కు, శిరస్త్రాణం తురాయి ముద్రలో పూర్తిగా వచ్చి ఉంటే ఇంకా ఎక్కువ.

రిస్కు: రౌండును తూచి, కొలిస్తే చాలావరకు తేలిపోతుంది. నాణేల్లో మూసలో పోసి చేసిన నకిలీలు కొల్లలు. అంచున అతుకు గీత ఉందేమో చూడాలి. గ్రీసు నుంచి అనుమతి లేకుండా బయటికి వచ్చినదైతే చట్టపరమైన చిక్కు కూడా, అందుకే పాత కొనుగోలు రశీదులు అడగండి.

సంరక్షణ: రౌండుకు ప్లాస్టిక్ డబ్బీ చాలు. నాణేన్ని మాత్రం పూజ సామాన్లలా తోమారో, విలువ పోయినట్టే!

వెండి కూడబెట్టడమే ఉద్దేశమైతే రౌండు. దాని మీది బొమ్మలో గుడి ముందువైపు స్తంభాలు ఎనిమిది ఉన్నాయో లేదో లెక్కపెట్టి మరీ కొనండి. చదివే ఓపిక, నమ్మకమైన వర్తకుడు ఉంటే గుడ్లగూబే.