అగత్తిలో ఆరు రోజులు, ధరవంధూలో ఐదు

స్కూబా, అంటే వీపున గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ళలోకి దిగడం, నేర్చుకుందామన్న ఆలోచన నాది కాదు, మా బామ్మర్దిది. హైదరాబాద్ నుంచి ఏ దిక్కుకి బయల్దేరినా సముద్రం మొహం చూడటానికి కనీసం ఐదారు గంటలు పడుతుంది. అలాంటి ఊళ్ళో ఉంటూ, ఈత కూడా నలభై దగ్గరపడ్డాక నేర్చుకున్నవాణ్ణి నేను. "బావా, కోర్సులో సగం ఇక్కడి స్విమ్మింగ్ పూల్‌లోనే అయిపోతుందంట, మిగతా సగం లక్షద్వీప్‌లో చేద్దాం" అని వాడే ఇద్దరి పేర్లూ రాయించాడు. తీరా చూస్తే మొదటి రోజే వాడి దగ్గరే బండి ఆగిపోయింది.

కోర్సుకి ముందు ఆరోగ్యం గురించి ఒక ఫారం నింపమంటారు. అందులో ఉబ్బసం ఉందా, ఎప్పుడైనా ఉండేదా అని ఒక ప్రశ్న. వాడికి ఎనిమిదేళ్ళప్పుడు ఉబ్బసం ఉండేది. మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో క్యూలో నిలబెట్టి, మూడేళ్ళు వరసగా చేప మందు వేయించారు. ఇప్పటికీ చలికాలం వస్తే వాడి జేబులో ఇన్‌హేలర్ ఉంటుంది. 'లేదు' అని టిక్ పెట్టేద్దామా అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి వెళితే, గొట్టంలోకి ఊదించి పరీక్ష చేసి, ఇప్పుడైతే వద్దని చెప్పేశాడు. కారణం తేలిగ్గానే అర్థమైంది. నీళ్ళలో పది మీటర్లు దిగితే మన మీద ఒత్తిడి రెట్టింపవుతుంది. అక్కడ పీల్చిన గాలి పైకి వచ్చేకొద్దీ వ్యాకోచిస్తుంది. శ్వాసనాళాలు బిగుసుకుని ఆ గాలి బయటికి రాలేకపోతే ఊపిరితిత్తి చిట్లే ప్రమాదం ఉంది. నీటి పైన మాస్క్, గొట్టం పెట్టుకుని చేసే స్నార్కెలింగ్‌కి మాత్రం, ఇన్‌హేలర్ దగ్గర పెట్టుకోమని చెప్పి అనుమతించాడు. వాడు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు, "టికెట్లు బుక్ చెయ్, పైనుంచే చూస్తా" అన్నాడు.

పూల్‌లో నా భాగం పూర్తయింది. ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, దేనినీ పట్టుకోకుండా 10 నిమిషాలు తేలాలి, నీళ్ళ కింద మాస్క్ తీసి మళ్ళీ పెట్టుకోవాలి. ఈ మూడోదే నన్ను ఏడిపించింది. సముద్రంలో చేయాల్సిన నాలుగు డైవ్‌లు 2025 ఫిబ్రవరిలో అగత్తిలో చేద్దామని నిర్ణయించుకున్నాం.

లక్షద్వీప్ మన దేశమే అయినా అనుమతి పత్రం లేనిదే అడుగు పెట్టనివ్వరు. హైదరాబాద్‌లో ఒక ఏజెంట్ పది రోజుల్లో తెస్తానని డబ్బు తీసుకుని, ఐదు వారాలు తిప్పాడు. పత్రం వచ్చాక చూస్తే నా ఇంటిపేరు ఆధార్‌లో ఉన్నట్టు లేదు. దాన్ని సరిచేయించింది ఆ ఏజెంట్ కాదు, అగత్తిలో మాకు గది ఇచ్చిన ఇంటాయన. అసలు మొదటి నుంచే ఆయనకి అప్పగించి ఉంటే ఆ టెన్షనే ఉండేది కాదు. బస ఎక్కడో ముందు తేల్చుకుని, పర్మిట్ పని వాళ్ళ చేతికే ఇవ్వడం మేలు.

లక్షద్వీప్‌లో 36 దీవులు, జనం ఉండేవి 10, అన్నిటి నేలా కలిపినా 32 చదరపు కిలోమీటర్లు. విమానం దిగేది ఒక్క అగత్తిలోనే. కొచ్చి దాకా మామూలుగా వెళ్ళి రాత్రి అక్కడ పడుకుని, పొద్దున్నే చిన్న విమానం ఎక్కాం. గంటన్నరలోపే కిటికీలోంచి దీవి కనిపించింది. దాని తోక మీద రన్‌వే, రెండు పక్కలా నీళ్ళు. కొత్త సున్నం తొట్టిలో నీలిమందు కలిపినట్టుంది ఆ రంగు. ఓడలో వెళ్ళే దారి కూడా ఉంది గానీ ఒక రాత్రంతా పడుతుంది. బామ్మర్దికి బస్సులోనే కడుపులో తిప్పుతుంది కాబట్టి ఆ మాట ఎత్తలేదు.

బస గురించి పెద్దగా చెప్పడానికి లేదు. పగడపు దిబ్బ లోపలి ప్రశాంతమైన నీళ్ళని లగూన్ అంటారు, దాని ఒడ్డున రెండు గదుల ఇల్లు, శుభ్రమైన దుప్పట్లు, బావి నీళ్ళు కాస్త ఉప్పగా. కరెంటు పోతే వచ్చేదాకా కొబ్బరి చెట్ల గాలే దిక్కు. మూడు పూటలా ట్యూనా చేప. శాకాహారులు ముందే చెప్పుకోకపోతే అన్నం, పప్పడాలు, కొబ్బరి చట్నీతో సరిపెట్టుకోవాలి. శుక్రవారం మధ్యాహ్నం ఊరంతా నమాజుకి వెళుతుంది, ఆ రెండు మూడు గంటలు ఏ పనీ పెట్టుకోకండి. మద్యం దొరకదు. బంగారం అనే దీవిలో మాత్రమే దానికి అనుమతి ఉంది. ఒక పూట పడవలో అక్కడికీ వెళ్ళాం. ఇసుక ఇంకా తెలుపు, జనం ఇంకా తక్కువ, గది ధర మాత్రం చాలా ఎక్కువ. నాకైతే పగటిపూట చూసి రావడమే సరిపోయింది. అన్నట్టు, దీవి పేరు విని మా అత్తయ్య "అక్కడ గ్రామెంతట?" అని అడిగింది.

మొదటి డైవ్‌లో నాకు చేపలేవీ గుర్తులేవు. చెవులే గుర్తున్నాయి. మీటరు మీటరుకీ ముక్కు మూసుకుని ఊదుతూ దిగాలి, లేకపోతే చెవిలో మేకు దిగినట్టుంటుంది. రెండో డైవ్‌లో గానీ చుట్టూ చూడలేదు. ఆ లోకం నిశ్శబ్దంగా ఉంటుందని అనుకున్నాను, అది తప్పు. పెనం మీద పోపు చిటపటలాడుతున్న శబ్దం ఆగకుండా వినిపిస్తుంది. అది ఒక జాతి చిన్న రొయ్యలు గోళ్ళు టప్పున మూయడం వల్ల వచ్చేదట. దాని మీద ఇంకో చప్పుడు, ఎవరో పటికబెల్లం కొరుకుతున్నట్టు. చిలకముక్కులాంటి నోరున్న ప్యారట్ ఫిష్ పగడపు రాయిని గీకి, దాని మీది నాచు తింటోంది. కాసేపటికి దాని వెనక నుంచి తెల్లటి పొడి ధారగా రాలింది. ఒడ్డున మనం తువ్వాలు పరుచుకుని మురిసిపోయే తెల్ల ఇసుకలో కొంత అలా తయారైనదే. సాయంత్రం ఈ సంగతి చెప్పగానే బామ్మర్ది లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

పగడాల గురించి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి. ఫొటోల్లో చూసిన తోటలు నాకు అన్నిచోట్లా కనపడలేదు. 2023 చివర మొదలై 2024లో సముద్రం విపరీతంగా వేడెక్కడంతో లక్షద్వీప్ పగడాలు పెద్ద ఎత్తున రంగు పోయి తెల్లగా అయిపోయాయి. అంతకుముందు 1998, 2010, 2016లోనూ ఇలాగే జరిగింది. పగడం లోపల ఉండే సూక్ష్మమైన నాచే దానికి రంగు, చాలావరకు తిండి కూడా. వేడికి తట్టుకోలేక పగడం ఆ నాచుని వదిలేస్తుంది, ఆ తర్వాత వేడి తగ్గకపోతే ఆకలితో చనిపోతుంది. మేం దిగిన ఒక చోట కొమ్మలు కొమ్మలుగా ఉన్న పగడాలన్నీ గోధుమ రంగు పాచి పట్టి, కాలి ఆరిన చితుకుల్లా ఉన్నాయి. వాటి మధ్యే అరచేతి వెడల్పున నీలం అంచుతో కొత్త పగడాలు రెండు మూడు లేస్తున్నాయి. గైడ్ మమ్మల్ని అక్కడికి కావాలనే తీసుకెళ్ళాడు. మంచి చోట్లే చూపించి పంపేవాళ్ళకంటే ఇతనే నాకు నచ్చాడు.

తాబేళ్ళకి మాత్రం కొరత లేదు. స్నార్కెల్ చేస్తూ బామ్మర్ది ఒక్క ఉదయం ఏడింటిని లెక్కపెట్టాడు. అగత్తి లగూన్‌లో పచ్చ తాబేళ్ళు పెరిగి సముద్రపు గడ్డిని మొదలంటా మేసేశాయని, ఆ గడ్డిలో పెరిగే చేపలు తగ్గాయని అక్కడి మత్స్యకారులకి చాలాకాలంగా కోపం. పరిశోధకులు కూడా ఈ గొడవ మీద పని చేశారు. మా ఇంటాయన అదే చెప్పి, "మీరు వాటిని చూడ్డానికి ఇంత దూరం వస్తారు, మా నాన్న వల తీసి చూస్తే అవే కనపడేవి, ఇంకేం ఉండేది కాదు" అని నవ్వాడు.

ప్యాకేజీలో చివరి రోజు మధ్యాహ్నం ఇంకో డైవ్ ఉంది. ఉదయం రెండు చేశాక గైడ్ నా తిరుగు టికెట్ అడిగాడు. మర్నాడు తొమ్మిదిన్నరకి విమానం. ఆ మధ్యాహ్నం డైవ్ సాయంత్రం నాలుగు దాటాక ముగుస్తుంది. వరసగా కొన్ని రోజులు డైవ్ చేసినవాళ్ళు విమానం ఎక్కే ముందు కనీసం 18 గంటలు ఆగాలి. ఒంట్లో కరిగి ఉన్న నైట్రోజన్ బయటికి పోవాలి, లేకపోతే పైన గాలి ఒత్తిడి తగ్గినప్పుడు అది బుడగలు కడుతుంది. "అరగంటేగా తేడా" అన్నాను. "అవును, అరగంటే, అందుకే వద్దు" అని ఆ డైవ్ డబ్బు లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు. పదకొండు రోజుల ఖర్చులో నాకు తిరిగొచ్చిన డబ్బు అదొక్కటే.

మాల్దీవులకి ఆగస్టులో వెళ్ళాం. బెంగళూరు మీదుగా మాలే, అక్కడి నుంచి చిన్న విమానంలో బా అటాల్‌లోని ధరవంధూ. అటాల్ అంటే లగూన్ చుట్టూ ఉంగరంలా అమరిన పగడపు దీవుల వరస. ఈ మాట ప్రపంచానికి ఇచ్చింది వీళ్ళ దివెహి భాషే. మన లక్షద్వీప్‌లోని మినికాయ్ దీవి వాళ్ళు మాట్లాడే మహల్ కూడా దానికి చెల్లెలే. వీసాకి ముందుగా పరిగెత్తక్కర్లేదు, దిగాక ఇస్తారు. ప్రయాణానికి ముందు 96 గంటల్లోపు ఆన్‌లైన్‌లో ఒక ఫారం నింపితే చాలు. లక్షద్వీప్ పర్మిట్‌కి పడ్డ పాట్లు గుర్తొచ్చి మా ఇద్దరికీ నవ్వొచ్చింది. పరాయి దేశం వెళ్ళడమే సులువైంది.

సినిమా వాళ్ళ ఫొటోల్లో కనిపించే నీళ్ళ మీది గదులు మా జేబుకి అందవు. 2009 నుంచి ఊళ్ళున్న దీవుల్లో కూడా గెస్ట్ హౌస్‌లకి అనుమతిచ్చారు, మేం దిగింది అలాంటి దాంట్లో. గది బాగుంది. బిల్లే బాగాలేదు. బుకింగ్‌లో చూసిన ధరకి పన్ను, సర్వీస్ చార్జి, తలకి రాత్రికి ఇంత అని గ్రీన్ టాక్స్, విమానాశ్రయం నుంచి తెచ్చినందుకు ఇంకొంత. ఇవన్నీ కలిపి ఎంతవుతుందో ముందే రాతపూర్వకంగా అడగండి. మేం అడగలేదు. పొద్దున పెట్టే మస్ హుని మాత్రం వదలొద్దు. ట్యూనా, పచ్చి కొబ్బరి, ఉల్లిపాయ, మిరపకాయ చేత్తో పిసికి, పల్చటి రొట్టెతో ఇస్తారు. అగత్తిలోలాగే ఇక్కడా మద్యం లేదు. ఈత దుస్తుల్లో తిరగడానికి ఒక బీచ్ విడిగా ఉంది, ఊళ్ళోకి వచ్చేటప్పుడు ఒళ్ళు కప్పుకోవాలి.

మొదటి రోజు వెళ్ళిన డైవ్ సెంటర్ నాకు నచ్చలేదు. ఎనిమిది మందికి ఒకే గైడ్. వెనకవాళ్ళ కాళ్ళకున్న ఫిన్లు పగడాలకి తగులుతున్నా అతను తిరిగి చూడలేదు. పైగా ఫొటో కోసం రాతి సందులోని ఆక్టోపస్‌ని పుల్లతో కెలికాడు. మర్నాడే ఇంకో చోటికి మారాం. అక్కడ నలుగురికి ఒకరు. సామాను కొంచెం పాతదే గానీ, దిగే ముందు పావుగంట బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారు. అందులో చెప్పిన ఒక మాట నాకు పనికొచ్చింది. టైటన్ ట్రిగ్గర్ ఫిష్ గుడ్లు పెట్టిన చోటికి వెళితే తరుముతుంది, దాని హద్దు కింద ఇరుకుగా, పైకి వెడల్పుగా, గరాటాలా ఉంటుంది, కాబట్టి పైకి పారిపోకుండా పక్కకి వెళ్ళాలి. మూరెడు దాటిన చేప, మనిషికున్నట్టే పళ్ళు. నా ఎడమ ఫిన్ అంచు కొరికింది. పక్కకే ఈదాను, పది మీటర్లు వెంటపడి వెనక్కి తిరిగింది. సొర చేపలూ కనపడ్డాయి, నల్ల రెక్క మొనలవి, బూడిద రంగువి. అవి మమ్మల్ని పట్టించుకోనేలేదు. 2010లో అక్కడ సొరల వేటని పూర్తిగా నిషేధించారు. లక్షద్వీప్‌లో నేను చూసిన వాటికంటే ఇక్కడ చాలా ఎక్కువ.

ఇక హనిఫారు. మేం ధరవంధూ ఎంచుకున్నదే దాని కోసం, పడవలో పది నిమిషాల దూరం. మూసిన సంచిలా ఉండే చిన్న అఖాతం అది. నైరుతి రుతుపవనాల నెలల్లో పోటు నీళ్ళు ప్లాంక్టన్‌ని, అంటే నీళ్ళలో తేలే అతిచిన్న జీవుల్ని, తోసుకొచ్చి అందులో నింపుతాయి. దాన్ని తినడానికి మాంటాలు వస్తాయి. మన కోస్తాలో టేకు చేప అంటారే, ఆ కుటుంబమే, కానీ తోకకి ముల్లు ఉండదు, రెక్కల వెడల్పు మూడు మీటర్లు దాటుతుంది. బా అటాల్ 2011లో యునెస్కో జీవావరణ రిజర్వ్ అయింది. ఆ మరుసటేడు నుంచి హనిఫారులో స్కూబా నిషేధం. స్నార్కెల్ మాత్రమే, అదీ 45 నిమిషాలు, రేంజర్ల కళ్ళ ముందు. అంటే నా సర్టిఫికెట్‌కి అక్కడ విలువ లేదు. ఈ సంగతి చెప్పినప్పుడు బామ్మర్ది మొహం చూడాల్సింది.

రెండు రోజులు వెళ్ళి ఏమీ లేక వెనక్కి వచ్చాం. ప్రతిసారీ పడవ ఖర్చు, ప్రవేశ రుసుము మామూలే. మూడో రోజు పోటు సరిపడింది. నీళ్ళు మసకగా, గంజిలా ఉన్నాయి. ఆ మసకలోంచి ముందు ఒక తెల్లటి నోరు కనిపించింది, ఆ వెనకే ఇంకోటి, ఇంకోటి. తలకి రెండు పక్కలా ఉండే రెక్కల్ని చాటల్లా విప్పి, నోరు బార్లా తెరిచి, ఒకదాని వెనక ఒకటి వరస కట్టి తిరుగుతున్నాయి. పదిహేను దాకా లెక్కపెట్టి ఆపేశాను. నేను అలవాటు కొద్దీ ఊపిరి బిగబట్టి కిందికి దిగబోయాను. రేంజర్ పైనుంచి వేలు ఊపాడు. బామ్మర్ది మాత్రం చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకుని, కదలకుండా తేలుతూ ఉన్నాడు. ఒక మాంటా నేరుగా వాడి మీదికే వచ్చి, ఆఖరి క్షణంలో వెల్లకిలా తిరిగి, పొట్ట చూపిస్తూ వాడి కిందుగా వెళ్ళిపోయింది.

ఆ పొట్ట మీది మచ్చలే మాంటాకి వేలిముద్రలు. ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. పరిశోధకులు ఆ ఫొటోలతోనే ఒక్కోదాన్ని గుర్తుపట్టి లెక్క రాస్తారు. పడవెక్కాక గైడ్ అందరి కెమెరాలూ చూశాడు. నా ఖరీదైన కెమెరాలో అన్నీ వీపులే, కొన్నిట్లో నా ఫిన్. పనికొచ్చిన పొట్ట ఫొటో బామ్మర్ది తీసిన ఒక్కటే, ప్లాస్టిక్ సంచిలో పెట్టిన పాత ఫోన్‌తో.

దాన్ని ఆ రాత్రే ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. మా అత్తయ్య మర్నాడు పొద్దున జవాబిచ్చింది: "ఇంత చేప మీదికొస్తే భయపడలేదా? రెండంగుళాల కొర్రమీను పిల్లని నీ గొంతులో వేయించడానికి నలుగురం పట్టుకోవాల్సొచ్చింది."