ఫైబర్ కోసం ఆగాలా, 5జీ డబ్బా పెట్టించుకోవాలా?

విశాఖ దగ్గర ఆనందపురం, పద్మనాభం వైపు ఇల్లు కట్టుకున్నవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. పల్లెలకి ఫైబర్ కేబుల్‌తో ఇంటర్నెట్ తెచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం భారత్‌నెట్. ఇది 2011లో వేరే పేరుతో మంజూరైంది. దాని మొదటి గురి గ్రామ పంచాయతీ. పంచాయతీ ఆఫీసుకి కేబుల్ వచ్చిందంటే మీ ఇంటికి వచ్చేసినట్టు కాదండీ. అక్కడి నుంచి స్తంభాల మీదుగా మీ గోడ దాకా లాగడం వేరే పని, ఎక్కువ ఆలస్యం అక్కడే.

5జీ డబ్బా అంటే మొబైల్ టవర్ సిగ్నల్ పట్టుకుని ఇంటికి ఇంటర్నెట్ ఇచ్చేది. దాన్నైతే మేడ మీద బిగించి వెళ్లిపోతారు. సినిమాలకీ పిల్లల క్లాసులకీ సరిపోతుంది. కానీ టవర్‌ని ఊరంతా పంచుకుంటుంది కాబట్టి రాత్రి ఎనిమిదయ్యేసరికి నెమ్మదిస్తుంది. అప్‌లోడ్ మరీ తక్కువ. ఇంటి నుంచి ఆఫీసు పని చేసేవాళ్లకి ఇదే పెద్ద ఇబ్బంది.

ఫైబర్‌లోనూ పంపకం ఉంది: జీపాన్ (ఒకే ఫైబర్‌ని చాలా ఇళ్లకి పంచే పద్ధతి) లైన్‌లో సెకనుకి సుమారు 2.5 గిగాబిట్లు, మామూలుగా 32 ఇళ్లకో 64 ఇళ్లకో. అయినా వేగం నిలకడగా ఉంటుంది, వాన పడినా సిగ్నల్ తగ్గదు.

మన విశాఖలో తుపాను లెక్క వేరు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపానుకి స్తంభాలే కూలాయి. స్తంభం పడితే దాని మీది ఫైబరూ పోతుంది. తెగిన చోట వెంట్రుకంత గాజు పోగుల్ని ఒక్కొక్కటే శుభ్రం చేసి, మెషీన్‌లో పెట్టి కరిగించి అతకాలి. టవర్ నిలబడితే జనరేటర్‌తో ముందుగా లేస్తుంది.

మీ వీధి స్తంభానికి ఫైబర్ పెట్టె కనిపిస్తోందా? ఆగండి. లేకపోతే 5జీ తీసుకోండి, నెలవారీ ప్లాన్ మాత్రమే. ఏడాది డబ్బు ముందే కట్టొద్దు.