నడిమి వేలు వాచని తుపాకి: ఆరేళ్ల వాడకం తర్వాత

జేజినాయన తుపాకి నా పేరు మీదికి వచ్చిన తొలి ఏడాదంతా దాన్ని చూస్తేనే నాకు కోపం. పేల్చిన ప్రతిసారీ కుడిచేతి నడిమి వేలు వాచేది. రెండు రోజులు అన్నం కలుపుకోవడానికి కూడా ఇబ్బందే. తుపాకి భుజాన్ని తంతుందని అందరూ చెబుతారు. వేళ్లను కొడుతుందని మాత్రం నాకు ఒక్కరూ చెప్పలేదు. ఇది రాయడానికి కారణం అదే.

మాది పన్నెండు బోరు, అంటే సన్న గుండ్ల తూటాలు పేల్చే రకం. పక్కపక్కన రెండు గొట్టాలు, గొట్టానికొకటి చొప్పున ముందూ వెనకా రెండు ట్రిగ్గర్లు. మిగతావి ఇలాంటి తుపాకి ఉన్నవాళ్లకు తెలిసినవే, వదిలేస్తున్నా. అనంతపురానికి ఎడంగా చీనీ తోటలో ఒంటి ఇల్లు కాబట్టి లైసెన్సు జేజినాయన కాలం నుంచీ ఉంది. నేను పేల్చేది ఏడాదికి మూడు నాలుగు సార్లే, అదీ తుపాకి సాధన చేసే రేంజిలో, గాల్లోకి ఎగరేసే క్లే బిళ్లల మీద.

తుపాకి మన కొలతకు సరిపోయిందో లేదో చూడటానికి మా ఇంట్లో ఒకటే పద్ధతి. బట్టును, అంటే భుజానికి ఆనే వెనక కొసను మోచేతి మడతలో ఆనించి, చూపుడు వేలు ట్రిగ్గర్‌కు అందితే సరిపోయినట్టే. జేజినాయన నేర్పిందది. నాకూ వేలి కొస అందింది, ఇక తిరుగులేదనుకున్నా. ఆయన ఆరడుగుల మనిషి, నేను అయిదడుగుల నాలుగంగుళాలు. ఆ పరీక్షలో మెడ పొడవు లేదు, భుజం వెడల్పు లేదు, అరచేయి లేదు. ఇప్పుడు ఎవరైనా ఆ పద్ధతి చెబితే వద్దనే అంటాను.

వాపు తగ్గాలని మొదట చేసిన పని బట్టుకు మందపాటి రబ్బరు ప్యాడ్ తొడగడం. తన్ను తగ్గితే వేలికీ సుఖమే కదా అనుకున్నా. భుజానికి నిజంగానే మెత్తగా ఉంది, ఆ సంబరంలో ఇద్దరు స్నేహితులకు కూడా కొనమని చెప్పా. తర్వాత రేంజికి వెళ్లినప్పుడు ఇరవై అయిదు బిళ్లలకు తూటాలు పట్టుకెళ్లి, తొమ్మిదో తూటా దగ్గరే ఆగిపోయా. నడిమి వేలు మెటిక దగ్గర చర్మం చిట్లింది. చూపుడు వేలి వెలుపలి వైపు కూడా కమిలింది. భుజానికి తీసుకునేటప్పుడు ప్యాడ్ ప్రతిసారీ చొక్కాకు చంకలో పట్టుకుంటోంది.

తుపాకి విప్పి, గొట్టాలు ఖాళీ చేసి కూర్చున్నా. కడప నుంచి వచ్చిన ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, "ఏమప్పా, భుజం రుద్దుకుంటావేల, ముందు నీ యేళ్లు సూపీ" అన్నాడు. చూసి, ఖాళీ తుపాకినే గోడవైపు ఎత్తించి పట్టుకోమన్నాడు. ఆ పది నిమిషాల్లో నాకు అర్థమైంది ఏడాదిలో కాలేదు.

కర్ర, అంటే గొట్టాల వెనక ఉండే చెక్క భాగం, నాకు పొడవు. ప్యాడ్ తొడిగి ఇంకా పొడవు చేశా. కర్ర పొడవైతే చెయ్యి సాగుతుంది, పట్టు వదులవుతుంది. పట్టు వదులైతే పేలినప్పుడు తుపాకి చేతిలోనే వెనక్కి జారి, ట్రిగ్గర్ల చుట్టూ ఉండే కమ్మీ, అదే ట్రిగ్గర్ గార్డు, దాని వెనక అంచు నడిమి వేలికి కొడుతుంది. దానికి తోడు ట్రిగ్గర్ల వెనక చెయ్యి పట్టే పిడి మాది సగం వంపుది, నా వేళ్లు పొట్టి. ముందు ట్రిగ్గర్ అందుకోవాలంటే చెయ్యి ముందుకు జరిపి నడిమి వేలిని గార్డుకు ఆనించక తప్పదు. వెనక ట్రిగ్గర్‌కు వచ్చేసరికి చెయ్యి జరపకుండా వేలొక్కటే మడిచేవాణ్ణి. అప్పుడు ముందు ట్రిగ్గర్ వచ్చి చూపుడు వేలికి బయటివైపు తగిలేది. రెండు ట్రిగ్గర్ల మధ్య దాదాపు అంగుళం తేడా ఉంటుంది. ఒకే తుపాకికి రెండు పొడవులన్నమాట. నేను రెంటికీ ఒకే పట్టు పట్టా.

2019 ఎన్నికలప్పుడు పోలీస్ స్టేషన్లో అప్పగించిన తుపాకి ఎన్నికలు ముగిసి వెనక్కి వచ్చాక, మరమ్మతుకు లైసెన్సు ఉన్న షాపులో ఇచ్చా. మా ఊరి వడ్రంగి "తేప్పా, గంటలో చెక్కిస్తా" అన్నాడు గానీ తుపాకి మరమ్మతు అలా ఎవరి చేతికంటే వాళ్లకు ఇచ్చే పని కాదు. గొట్టాలు ముట్టుకోలేదు. కర్రను వెనక కోసి, పలచటి ప్యాడ్‌తో కలిపి ముందు ట్రిగ్గర్ దాకా 13.75 అంగుళాలకు తెచ్చారు. పిడి వంపును చెక్కి సన్నగా, ఇంచుమించు తిన్నగా చేశారు. ముందు ట్రిగ్గర్ అంచు గుండ్రంగా అరగదీశారు.

ఆ పిడి గురించి ఎంత చెప్పినా తక్కువే. ముందు ట్రిగ్గర్ నొక్కి, అరచేయి మొత్తం ఒక్క అంగుళం వెనక్కి జారితే వెనక ట్రిగ్గర్ దానంతటదే వేలి కిందికి వస్తుంది. వంపు పిడి మీద ఆ జారుడు కుదరదు. డమ్మీ తూటాలు వేసి పదిహేను రోజులు రోజూ ఇంట్లో సాధన చేశా. తర్వాత రేంజిలో ఇరవై అయిదు తూటాలూ పేల్చి, బయటికొచ్చి రెండు చేతులతో చపాతీ తుంచుకుని తిన్నా. ఆ రోజు నాకు పండగే.

గార్డు వెనక అంచుకు తోలు తొడుగు కూడా వేయించా. తోలనగానే తోలుబొమ్మలు చేసే నిమ్మలకుంట గుర్తొచ్చింది గానీ, బొమ్మలకు వాడేది గీకి ఎండబెట్టిన తోలు, గట్టిగా ఉంటుంది. ఇక్కడ మెత్తంది కావాలి. కొలత కాగితం మీద గీసిస్తే చెప్పులు కుట్టే మామ రెండు పొరలు కలిపి కుట్టిచ్చాడు. ఈ మార్పులన్నిట్లో తక్కువ ఖర్చయింది ఇదే.

అయితే మొదట్లో చెప్పినంత ధీమాగా ఇప్పుడు అన్నీ చెప్పలేను. మన ఎండలకు రబ్బరు ప్యాడ్ మూడో ఏడు జిగటగా తయారైంది, మార్చా. తోలు చెమటకు బిరుసెక్కుతుంది. 2024 ఎన్నికలకు మళ్లీ నెలల తరబడి స్టేషన్లో ఉండి వచ్చాక తొడుగు అట్టలా బిగిసింది. సన్నం చేసిన పిడి మీద చేతికి చెమట పడితే పట్టు జారుతుంది, ఎండాకాలం గుడ్డతో తుడుచుకోకుండా ఎత్తను. పైగా సుఖమంతా కొలతదే అనడం అన్యాయం. అదే రోజుల్లో నేను 32 గ్రాముల గుండ్ల తూటాలు మానేసి తన్ను తక్కువుండే 24 గ్రాములవి వాడటం మొదలుపెట్టా. అందులో ఎంత వాటా తూటాదో విడదీసి చెప్పలేను.

మా బావకూ ఇలాంటి తుపాకే ఉంది, అదే వంపు పిడితో. ఆయన వేళ్లు పొడవు, ఏనాడూ వాపు ఎరగడు. మొన్న నాది ఎత్తి చూసి, "నాదీ కోయించేదా?" అన్నాడు. కోసిన కర్ర మళ్లీ అతకదు. మా జేజినాయన కర్రలో కోసిన ముక్క ఇప్పటికీ బీరువాలో ఉంది. "నీకు తోలు తొడుగు చాలు బావా, ఆ చెప్పుల మామ దగ్గరికే పోదాం" అన్నా.