ద డ్యూక్: రన్నింగ్ బ్యాక్ చంకలోంచి చూస్తే ఈ బంతి ఎలా ఉంటుంది

అమెరికన్ ఫుట్‌బాల్‌లో పెద్ద లీగ్ ఎన్ఎఫ్ఎల్ ఆడేది విల్సన్ వాళ్ల ద డ్యూక్ బంతితోనే. దీని మీద వచ్చే రివ్యూలు దాదాపు అన్నీ విసిరేవాడి వైపు నుంచే ఉంటాయి. లేసులు వేళ్లకు ఎలా తగులుతున్నాయి, గాలిలో తిన్నగా తిరుగుతోందా, అంతటితో సరి. నిజానికి ఆటలో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ చేతిలో ఇది ఉండేది రెండు మూడు సెకన్లు. దాన్ని పక్కటెముకలకు అదుముకుని, మూడు వందల పౌండ్ల మనుషుల సందులోంచి దూరి, ఇద్దరు ముగ్గురు కలిసి పీకుతున్నా వదలకుండా కింద పడాల్సినవాడు రన్నింగ్ బ్యాక్. అతని ఉద్యోగం నిలిచేదీ ఊడేదీ ఈ తోలు ముద్ద దగ్గరే. కాబట్టి ఈ రివ్యూ పూర్తిగా మోసేవాడి లెక్కలో.

అసలు మాట ముందే చెప్పేస్తే పోతుంది. తోలు అద్భుతం, కుట్టు గట్టిది. కానీ డబ్బాలోంచి తీసిన బంతి సగం తయారైన సరుకు, మిగతా సగం కొన్నవాడే చేసుకోవాలి. క్రికెట్‌లో కొత్త బంతి మెరుపు బౌలర్‌కి వరం. ఇక్కడ ఆ మెరుపే శత్రువు.

పొడవు 11 నుంచి 11.25 అంగుళాలు, నడుము చుట్టుకొలత 21 నుంచి 21.25 అంగుళాలు, బరువు 14 నుంచి 15 ఔన్సులు, అంటే సుమారు 400 నుంచి 425 గ్రాములు. లోపలి గాలి ఒత్తిడి 12.5 నుంచి 13.5 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). ఇవి ఎన్ఎఫ్ఎల్ రూల్ బుక్ కొలతలు. మోసేవాడికి వీటిలో పట్టింపు ఉన్నది పొడవు. మోచేతి మడత నుంచి వేళ్ల కొసల దాకా ఉన్న జాగాలో ఆ 11 అంగుళాలు ఇమిడిపోయి, ముందు మొన మీదికి వేళ్లు వంచడానికి ఇంకాస్త మిగలాలి. మిగలకపోతే ఎన్ని మెళకువలు నేర్చినా బంతి ముందుకు జారిపోతుంది.

బంతి తయారయ్యేది ఒహాయో రాష్ట్రంలోని ఏడా అనే చిన్న ఊళ్లో, 1955 నుంచి. తోలు షికాగోలోని హార్వీన్ టానరీది, అంటే తోలు పదునుచేసే కర్మాగారానిది. దీన్ని పిగ్‌స్కిన్ అని పిలవడం అలవాటే గానీ, ఇందులో పంది తోలు లేదు, ఆవు తోలు. నాలుగు ముక్కలు కోసి, లోపలివైపు గుడ్డ అస్తరు కుట్టి, నాలుగింటినీ తిరగేసి కలిపి కుట్టి, ఆవిరి పట్టి మెత్తబరిచి, లేసుల సందులోంచి లోపలిది బయటికి తిరగేస్తారు. ఆ తర్వాతే బ్లాడర్ (గాలి నింపే తిత్తి), లేసులు, గాలి. ఈ పద్ధతి తెలిస్తే బంతి బలహీనత ఎక్కడో కూడా తెలుస్తుంది. నాలుగు కుట్లూ వచ్చి కలిసేది మొనల దగ్గర. అక్కడ తోలు బిగిసి ఉంటుంది, గరుకు బొడిపెలు నొక్కుకుపోయి ఉంటాయి. క్వార్టర్‌బ్యాక్ పట్టుకునే నడుము భాగం నాలుగు రోజుల్లో అలవాటు పడుతుంది. రన్నింగ్ బ్యాక్ వేళ్లు బిగించే మొన మాత్రం చివరిదాకా మొండికేస్తుంది.

పేరు సంగతి రెండు ముక్కల్లో. న్యూయార్క్ జెయింట్స్ జట్టు యజమాని టిమ్ మారా కొడుకు వెల్లింగ్టన్ మారాను చిన్నప్పుడు ఆటగాళ్లు డ్యూక్ అని పిలిచేవారు. 1941లో లీగ్ విల్సన్ బంతిని తీసుకున్నప్పుడు ఆ పేరే పెట్టారు. 1969 తర్వాత పేరు పోయింది. 2005లో వెల్లింగ్టన్ చనిపోయాక, 2006లో మళ్లీ బంతి మీదికి వచ్చింది.

పేరు ఎవరిదో ఆ జట్టు రన్నింగ్ బ్యాకే ఈ బంతికి సరైన పరీక్ష పెట్టినవాడు కావడం తమాషా. టికీ బార్బర్ 1997 నుంచి 2006 దాకా జెయింట్స్‌కే ఆడాడు. 2000 నుంచి 2003 దాకా వరుసగా 9, 8, 9, 9 ఫంబుల్స్, అంటే మోస్తున్న బంతి జారవిడవడాలు. ఎంత బాగా పరిగెత్తినా బంతి నిలవనివాడిని ఏ కోచ్ నమ్ముతాడు? 2004లో టామ్ కాఫ్లిన్ కోచ్‌గా వచ్చాక, రన్నింగ్ బ్యాక్‌ల కోచ్ జెరాల్డ్ ఇంగ్రమ్ అతని పట్టు మార్పించాడు. అంతకుముందు బంతి నడుము దగ్గర, కిందికి వాలి ఉండేది. దాన్ని ఛాతీ మీదికి ఎత్తి, మణికట్టు మోచేతి కన్నా పైన ఉండేలా బిగించి పరిగెత్తడం నేర్పారు. ఆ ఏడాది ఫంబుల్స్ 5, 2005లో 1, 2006లో 3. పరిగెత్తిన గజాలు తగ్గాయా అంటే అదీ లేదు: 1,518, 1,860, 1,662. తోలు అదే, కొలతలు అవే. పట్టు మారింది, కెరీర్ మారింది.

ఆ పట్టు ఎలా ఉండాలో బంతి ఆకారాన్ని బట్టే అర్థమవుతుంది. ముందు మొన చూపుడు వేలికీ మధ్య వేలికీ మధ్యలో రావాలి, వేళ్లు మొనను కప్పాలి. అరచేయి ప్యానెల్ (కుట్టిన తోలు ముక్క) మీద పరుచుకోవాలి. బంతి నడుము ముంజేతి పొడవునా ఆనాలి. వెనక మొన మోచేతి మడతలో దూరి, దండ కండ దాన్ని నొక్కిపెట్టాలి. అయిదో ఆనిక పక్కటెముకలు. కొత్తవాళ్లకు మొదటి నాలుగూ గుర్తుంటాయి, అయిదోదే మరుపు. పరుగు వేగం అందుకోగానే చేతులు ఊగుతాయి, బంతికీ ఒంటికీ మధ్య సందు వస్తుంది. వెనకనుంచి వచ్చేవాడికి ఆ సందే కావాలి. షికాగో బేర్స్ కార్నర్‌బ్యాక్ (అడ్డుకునే వైపు ఆటగాడు) చార్ల్స్ టిల్‌మన్ ఆ సందులో పిడికిలి గుద్ది గుద్ది కెరీర్ మొత్తంలో 44 ఫంబుల్స్ చేయించాడు, ఒక్క 2012లోనే 10. అతని గుద్దుకు పీనట్ పంచ్ అని పేరే పడింది. రెండు చివరలూ కోసుగా ఉన్న ఆకారం కాబట్టి, ఒక మొన మీద దెబ్బ పడితే బంతి రెండో మొన వైపు సబ్బుబిళ్లలా జారుతుంది. గుండ్రటి బంతికి ఈ జబ్బు ఉండదు. ఈ ఆకారాన్నే ఒక లోపం అనుకుంటే, సరిదిద్దుకోవాల్సింది మోసేవాడి చెయ్యే.

హ్యాండాఫ్ దగ్గర, అంటే క్వార్టర్‌బ్యాక్ చేతిలోంచి బంతి అందుకునేటప్పుడు, ఇంకో చిక్కు. కుడివైపు నుంచి బంతి వస్తుంటే కుడి మోచేయి పైకి లేచి ఛాతీకి అడ్డంగా, అరచేయి కిందికి ఉండాలి. ఎడమ చేయి బొడ్డు దగ్గర, అరచేయి పైకి. మధ్యలో నోరు తెరిచిన సంచిలా జాగా. బంతి కడుపుకు తగలగానే రెండు చేతులూ మూసుకోవాలి. ఇక్కడ తప్పు జరిగేది ఎక్కువగా రెండు రకాలుగా: బంతి అందకముందే కళ్లు కిందికి వాల్చి చూడటం, లేదా పై మోచేయి దించేయడం. మోచేయి దిగితే బంతి మొన దానికి తగిలి అక్కడే పడిపోతుంది. బాగా బ్రష్ కొట్టిన బంతి అయితే జెర్సీ గుడ్డకు కాస్త పట్టి క్షణం ఆగుతుంది. కొత్త బంతి ఆ క్షణం కూడా ఇవ్వదు.

గాలి విషయానికి వద్దాం. 2015 జనవరి 18న పేట్రియట్స్, కోల్ట్స్ జట్ల ఆటలో బంతుల్లో గాలి తక్కువైందన్న గొడవ తర్వాత, మెత్తటి బంతి అయితే ఫంబుల్స్ తగ్గుతాయన్న వాదం బాగా నడిచింది. కాస్త మెత్తగా ఉంటే వేళ్లు దిగుతాయి, నిజమే. కానీ అదే పేట్రియట్స్ తరఫున బెన్‌జార్వస్ గ్రీన్ ఎలిస్ 2008 నుంచి 2011 దాకా ఒక్క ఫంబుల్ కూడా చెయ్యలేదు. అతని తర్వాత వచ్చిన స్టీవన్ రిడ్లీ 2012లో 1,263 గజాలు పరిగెత్తి, 2013లో వరుసగా మూడు ఆటల్లో బంతి పోగొట్టుకుని, నాలుగో ఆటకు జట్టులోనే లేకుండా పోయాడు. ఇద్దరికీ బంతులు సిద్ధం చేసింది ఒకే జట్టు. గాలి అంత పని చేసేదైతే రిడ్లీని కూడా కాపాడాలి కదా.

చలి మాత్రం లెక్కలోకి తీసుకోవాల్సిందే. 21 డిగ్రీల సెల్సియస్ గదిలో 12.5 పీఎస్‌ఐ నింపిన బంతి 10 డిగ్రీల చలిలోకి వెళ్తే సుమారు 11.5కి దిగుతుంది. బంతికి చిల్లేమీ పడలేదు, లోపలి గాలి ముడుచుకుంది అంతే. కాబట్టి గేజ్ పెట్టి చూసేది ఆడే చోట, అక్కడి చలికి బంతి అరగంట అలవాటు పడ్డాక. సూది గుచ్చేముందు తడి చెయ్యడం మరవద్దు. పొడి సూది వాల్వ్ రబ్బరును చీల్చేస్తుంది, అది చీలిందంటే బంతి పని అయిపోయినట్టే.

ఇక కొత్త బంతిని దారికి తెచ్చే పని. 2006 నుంచి ప్రతి జట్టూ తన బంతులు తనే తెచ్చుకుని, తన క్వార్టర్‌బ్యాక్ ఇష్టానికి తగ్గట్టు అరగదీసుకుంటోంది. రన్నింగ్ బ్యాక్‌ను అడిగే దిక్కు ఎక్కడా కనబడదు. సొంతంగా కొనుక్కునేవాళ్లకు ఆ స్వేచ్ఛ ఉంది కాబట్టి వాడుకోండి. గోరువెచ్చటి నీళ్లలో ముంచి గట్టిగా పిండిన తువ్వాలుతో బంతి అంతా తుడవండి, పైన ఉన్న జారుడు పూత పోవాలి. తడి ఆరకముందే గట్టి వెంట్రుకల బ్రష్‌తో కుట్టు వెంబడి, తర్వాత అడ్డంగా రుద్దండి. ఒక్కో ప్యానెల్‌కి అయిదు నిమిషాలైనా పడుతుంది. రంగు ఇటుక ఎరుపు నుంచి ముదురు గోధుమలోకి తిరిగితే దారిలో పడ్డట్టు. తర్వాత ఫుట్‌బాల్ కండిషనర్ పల్చగా పట్టించి, రాత్రంతా వదిలేసి, పొద్దున మళ్లీ బ్రష్. ఈ వరస మూడు నాలుగు సార్లు. అందరూ నడుము దగ్గర రుద్దీ రుద్దీ మొనలు వదిలేస్తారు. మోసేవాడి బంతి అయితే సగం సమయం మొనలకే ఇవ్వాలి. పళ్లు తోముకునే బ్రష్ సైజుది దొరికితే కుట్ల మధ్య గాడిలోకి బాగా దిగుతుంది.

చెడగొట్టేవి కూడా తెలియాలి. కండిషనర్ మందంగా పూస్తే తోలు నూనె తాగి బరువెక్కుతుంది, జిడ్డు పైకి తేలి మళ్లీ జారుతుంది. బకెట్లో నానబెడితే లోపలి అస్తరు తడిసి, ఆరాక ఆకారం ఒక పక్కకు వాలుతుంది. హీటర్ ముందో, ఎండలో నిలిపిన కారులోనో ఆరబెడితే తోలు గట్టిపడి బొడిపెలు చదునవుతాయి. వానలో ఆడిన బంతిని తువ్వాలుతో ఒత్తి, గదిలో నీడన ఆరనిచ్చి, పూర్తిగా ఆరాకే బ్రష్ పెట్టాలి. జిగురు రాసుకుందాం అనుకునేవాళ్లకు ఒక మాట: చేతికి రాసుకునే స్టికమ్‌ను లీగ్ 1981లోనే నిషేధించింది. గ్లవ్స్ పొడిగా ఉన్నప్పుడు మొనను బాగా పడతాయి, బురద అంటాక ఉత్త చేతికన్నా అన్యాయం.

బంతి మంచిదైనంత మాత్రాన అన్నీ ఆగవనడానికి క్లీవ్‌లాండ్ రన్నింగ్ బ్యాక్ ఎర్నెస్ట్ బైనర్ ఉదాహరణ. 1988 జనవరిలో డెన్వర్ మీద ఆటలో అతను పరుగులూ పట్టులూ కలిపి 187 గజాలు తెచ్చాడు, గోల్ గీత దాటి రెండు టచ్‌డౌన్లు చేశాడు. చివరి నిమిషాల్లో గోల్ గీతకు రెండు మూడు గజాల దూరంలో డెన్వర్ ఆటగాడు జెరెమయా కాస్టిల్ ఆ బంతిని లాగేశాడు. క్లీవ్‌లాండ్ 38-33తో ఓడింది. జనానికి ఆ 187 గజాలు గుర్తులేవు, ఆ ఒక్క ఆటను ద ఫంబుల్ అనే పిలుస్తారు. అయినా అతను వాషింగ్టన్ వెళ్లి 1990లో 1,219, 1991లో 1,048 గజాలు పరిగెత్తాడు, ఆ సీజన్ లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిచాడు, మొత్తం 14 సీజన్లు ఆడాడు.

కొనేవాళ్లకు ఒక జాగ్రత్త. ద డ్యూక్ రెప్లికా అని ఇంకోటి అమ్ముతారు. దూరం నుంచి తేడా తెలియదు, దగ్గరికి తెస్తే అది కాంపోజిట్, అంటే కృత్రిమ తోలు. ధర చాలా తక్కువ. అసలు తోలు బంతి 100 డాలర్ల పైమాటే. కాంపోజిట్‌ను ఎంత బ్రష్ చేసినా తోలులా మారదు, పై పొర లేచిపోతుంది. కాంక్రీటు మీద ఆడుకోవడానికి అదే మేలు, తోలు బంతిని అక్కడ పెడితే వారంలో మొనలు అరిగిపోతాయి. లేబుల్ మీద అసలు తోలు అని ఉందో లేదో చూసే డబ్బు కట్టండి.

పిల్లల కోసమైతే ద డ్యూక్ వద్దు. విల్సన్ చిన్న సైజులు మూడు అమ్ముతుంది: 6 నుంచి 9 ఏళ్లకు పీవీ, 9 నుంచి 12కి జూనియర్, 12 నుంచి 14కి యూత్. పదేళ్ల పిల్లాడి చేతిలో పెద్ద బంతి పెడితే వెనక మొన మోచేతి మడత దాటి బయటికి పొడుచుకొస్తుంది. వాడు దాన్ని ఆపడానికి మణికట్టు లోపలికి వంచుతాడు, ఆ వంపు అలవాటైపోతుంది. కొనేముందు బంతిని చంకలో పెట్టించి, వేళ్లు ముందు మొనను కప్పుతున్నాయో లేదో చూడండి. కప్పకపోతే ఒక సైజు కిందికి దిగండి.